మరుగుజ్జు గెలాక్సీల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

వ్యాసం చదివాను. భాష బాగుంది, టెన్షన్ పడకు. కానీ మరుగుజ్జు ఎలిప్టికల్ గెలాక్సీలను (అంటే కోడిగుడ్డు ఆకారపు చిన్న గెలాక్సీలను) వృద్ధాశ్రమంతో పోల్చి, అన్నీ ముసలి నక్షత్రాలే, గ్యాస్ అయిపోయింది, ఇక కథ లేదని తేల్చేశావే, అక్కడ మాత్రం చిరాకేసింది. ఆండ్రోమెడా గెలాక్సీ పక్కనున్న ఎన్‌జీసీ 205 అనే మరుగుజ్జు సంగతేంటి? దాని నడిమధ్యలో కుర్ర నీలి నక్షత్రాలున్నాయి, కాస్త గ్యాస్, ధూళి కూడా ఉన్నాయి. ఆశ్రమంలో ఆ పిల్లలెవరు మరి? ఆ పోలిక తీసెయ్.

అసలు గమ్మత్తంతా నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోట ఉంది. "వర్ణపటాన్ని బట్టి వయసు తెలిసింది" అన్నావు. ఎలా తెలిసింది? కన్యారాశి వైపు కనిపించే గెలాక్సీల గుంపు మనకి సుమారు 5.4 కోట్ల కాంతి సంవత్సరాల దూరం, అక్కడి మరుగుజ్జుల వెలుగంతా కలగలిసే మనకి చేరుతుంది. అది ఎర్రగా ఉంటే నక్షత్రాలు ముసలివై ఉండొచ్చు, లేదా లోహాలు ఎక్కువున్నవై ఉండొచ్చు (ఖగోళం వాళ్ల లెక్కలో హీలియం కంటే బరువైనదల్లా లోహమే, ఆక్సిజన్‌తో సహా). వయసు మూడింతలైనా, లోహాలు రెండింతలైనా రంగులో దాదాపు ఒకే మార్పు వస్తుందని 1994లో గై వర్తీ అనే ఖగోళ శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. అందుకే వయసు కోసం వర్ణపటంలో హైడ్రోజన్ వేసే గీతలు, లోహాల కోసం మెగ్నీషియం, ఇనుము గీతలు పక్కపక్కన పెట్టి చూస్తారు. అప్పుడైనా చేతికొచ్చేది సగటే, అదీ కుర్ర నక్షత్రాల వైపు మొగ్గిన సగటు, ఎందుకంటే అవి కాసిని ఉన్నా వెలుగులో వాటి వాటా పెద్దది. ఈ పేచీ పాఠకుడికి దాచకు, వాడు తట్టుకుంటాడు.

మెగ్నీషియానికి ఇంకో పేరా ఇవ్వు. బరువైన నక్షత్రాలు తొందరగా పేలి దాన్ని వెదజల్లుతాయి, ఇనుములో ఎక్కువ భాగం ఆ తర్వాత ఎప్పుడో తెల్ల మరుగుజ్జులు (ఇవి గెలాక్సీలు కావు, ఇంధనం అయిపోయిన నక్షత్రాల అవశేషాలు) పేలినప్పుడు వస్తుంది. పెద్ద ఎలిప్టికల్స్‌లో ఇనుముతో పోలిస్తే మెగ్నీషియం ఎక్కువ, అంటే అక్కడ నక్షత్రాలు హడావిడిగా పుట్టేశాయి. మన మరుగుజ్జు గెలాక్సీల్లో చాలావాటికి ఆ నిష్పత్తి సూర్యుడిలో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది, అంటే తాపీగా, చాలాకాలం పాటు పుట్టాయన్నమాట. వీటిలో మొత్తం లోహాలు తక్కువెందుకంటే, గురుత్వాకర్షణ బలం చాలక సూపర్నోవాల (అంటే ఆ నక్షత్రాల పేలుళ్ల) ధాటికి లోహాలున్న గ్యాస్ బయటికి పోతుంది.

మొదట్లో ఆ హబుల్ పొగడ్తలు అక్కర్లేదు, అందరూ రాసేవే. 1944లో వాల్టర్ బాడె అనే ఖగోళ శాస్త్రవేత్త ఎన్‌జీసీ 205నీ, ఆండ్రోమెడా పక్కనే ఉన్న ఇంకో చిన్న గెలాక్సీ ఎం32నీ విడివిడి నక్షత్రాలుగా చూపించాడు, యుద్ధం వల్ల లాస్ ఏంజెలెస్‌లో దీపాలు తగ్గించడం అతనికి కలిసొచ్చింది. అలా మొదలుపెట్టు.

ఇంకోటి, నువ్వుండేది బెంగళూరు బీటీఎంలో కదా, కోరమంగళలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అంత దగ్గర పెట్టుకుని గూగుల్‌లో వెతుకుతావేంటి? 2015లో మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంతో వెళ్లిన అతినీలలోహిత టెలిస్కోప్ తయారీలో ముఖ్య పాత్ర వాళ్లదే, కుర్ర నక్షత్రాలు బాగా కనబడేది ఆ వెలుగులోనే. ఈమెయిల్ పెట్టి అడుగు, మన తెలుగువాళ్లు ఒకరిద్దరు అక్కడ ఉండకపోరు. రెండో పేరా ముందు మార్చి పంపు, టైటిల్‌లో ఆ "అంతుచిక్కని రహస్యాలు" కూడా కొట్టెయ్.