ఉప్పు తగ్గించినా బాపు బీపీ దిగట్లేదంటే

కూరలో ఉప్పు సగం చేసినం, రోజూ గోళీ వేస్తున్నం, అయినా బాపు బీపీ 150/95 దగ్గరే ఉంటుందని రాసినవు కదా తమ్మీ. పొద్దున మామిడి తొక్కు, మధ్యాహ్నం పచ్చిపులుసు, అప్పడం అని కూడా రాసినవు. నాకైతే అనుమానం ఆ తొక్కు మీదనే.

మనిషికి రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే చదునుగా ఒక్క టీస్పూను. అందులో గ్రాము దాకా ఒక్క చెంచా తొక్కుకే పోతుంది. కిలో ఉప్పు ప్యాకెట్ మీద విప్పిన తేదీ రాసిపెట్టు. నలుగురున్న ఇంట్లో 50 రోజులకు ముందే అయిపోతే వంటలోనే ఎక్కువ పడుతున్నట్టు. తొక్కు, అప్పడాల ఉప్పు దానికి అదనం. 'తక్కువ సోడియం' ఉప్పు మాత్రం డాక్టరును అడగకుండా కొనకు. అందులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నా, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళీలు వాడుతున్నా ఆ పొటాషియం రక్తంలో పెరిగి గుండెకు ప్రమాదం.

కొలిచే తీరు కూడా చూడు. చాయ్ తాగిన అరగంటలోపు కొలిస్తే ఎక్కువే చూపిస్తుంది. వీపు ఆనించి, కాళ్లు నేలకు పెట్టి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ అంగీ మీద కాదు, ఒంటి మీద, గుండె ఎత్తున. నిమిషం ఆగి రెండోసారి కొలువు. వారం రోజుల అంకెలు రాసి డాక్టరుకు చూపించు.

నడక వారానికి 150 నిమిషాలు చాలు. హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండైనా, భద్రకాళి చెరువు కట్టైనా సరే. ఎండకాలం పొద్దున ఏడులోపే ముగించాలి.

180/120 దాటి ఛాతీ నొప్పి, మూతి వంకర, మాట తడబాటు, వీటిల ఏ ఒక్కటున్నా మళ్లీ కొలుస్తూ కూర్చోకు, 108కు ఫోన్ చెయ్యి.