మొదటి రెట్రో కంప్యూటర్‌కి ఆర్‌సీఏ 1802 పనికొస్తుందా? నా అనుభవం చెబుతాను

ప్రశ్న: డిప్లొమా ఈసీఈ చదువుతున్నాను. ల్యాబ్‌లో 8085 ప్రాసెసర్ చేశాం. సెలవుల్లో సొంతంగా ఒక పాతకాలపు కంప్యూటర్ కట్టాలని ఉంది. అందరూ జడ్80 అంటున్నారు, ఒకాయన మాత్రం ఆర్‌సీఏ 1802 అన్నారు. ఎవరూ వాడని చిప్‌తో మొదలుపెట్టడం మంచిదేనా? విజయవాడలో సామాను దొరుకుతుందా? టీవీకి కలపొచ్చా?

జవాబు:

1802తోనే మొదలుపెట్టండి. జడ్80 మంచి చిప్పే, కాదనను, కానీ అది మీ రెండో కంప్యూటర్‌కి ఉంచుకోండి. ఎందుకంటే జడ్80 తీసుకున్నారంటే మామూలుగా మొదటి రోజే ఈప్రామ్ (ప్రోగ్రాం రాసిపెట్టుకునే మెమరీ చిప్) కావాలి, దాన్ని రాయడానికి ప్రోగ్రామర్ కావాలి, ఆ ప్రోగ్రామర్ నడవడానికి ఒక ల్యాప్‌టాప్ కావాలి. సొంతంగా కంప్యూటర్ కట్టాలనుకున్న మనిషి ఇంకో కంప్యూటర్ మీద ఆధారపడి మొదలుపెట్టడం నాకు అస్సలు నచ్చదు. 1802కి అవేమీ అక్కర్లేదు. 8 టాగిల్ స్విచ్‌లు, ఒక పుష్ బటన్, ఒక ర్యామ్ ఉంటే చాలు.

నేను గవర్నర్‌పేటలో ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేస్తాను. నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే డిప్లొమా పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. వాళ్లలో 8085 రికార్డు రాయనివాళ్లు లేరు, 8085 అర్థమైనవాళ్లు మాత్రం నాకింకా తగల్లేదు. తప్పు పిల్లలది కాదు. పోయిన బ్యాచ్ రికార్డు ముందు పెట్టుకుని 3ఈ, 76 అంటూ కోడ్‌లు కాపీ చేయించి, కిట్ మీద అవే నొక్కించి, డిస్‌ప్లేలో జవాబు రాగానే సంతకం పెట్టి పంపేస్తున్నారు. కిట్ లోపల మానిటర్ ప్రోగ్రాం అని ఒకటుందని, మనం నొక్కిన ప్రతి కీని చదివి మెమరీలో పెట్టేది అదేనని, అది లేకపోతే ఆ చిప్‌కి మన కీప్యాడ్ ఒకటుందన్న సంగతే తెలియదని ఒక్కరూ చెప్పరు. పిల్లాడు తాను ప్రాసెసర్‌తో మాట్లాడుతున్నాననుకుంటాడు, నిజానికి మాట్లాడేది ఎవరో రాసిపెట్టిన రోమ్‌తో (చెరగని మెమరీతో).

1802లో ఆ మధ్యవర్తే లేడు. ఇదీ 8085 లాగే 1976లో వచ్చిన చిప్. జోసెఫ్ వైజ్‌బెకర్ అనే ఆర్‌సీఏ కంపెనీ ఇంజినీరు ఇంట్లో కూర్చుని కట్టుకునే మనుషుల్ని మనసులో పెట్టుకుని డిజైన్ చేశాడు, అదే ఏడాది ఆగస్టులో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రికలో కాస్మాక్ ఎల్ఫ్ పేరుతో సర్క్యూట్ కూడా ఇచ్చాడు, మొత్తం మెమరీ 256 బైట్లు. చిప్‌కి క్లియర్, వెయిట్ అని రెండు పిన్నులుంటాయి. రెండూ కిందికి లాగితే లోడ్ మోడ్. అప్పుడు 8 స్విచ్‌లతో ఒక బైటు పెట్టి బటన్ నొక్కితే డీఎంఏ అనే దారిలో, ఏ ప్రోగ్రామూ నడవకుండానే, ఆ బైటు నేరుగా మెమరీలోకి వెళ్లిపోతుంది, చిరునామా పట్టుకున్న ఆర్ సున్నా రిజిస్టర్ తనంతట తానే ఒకటి పెరుగుతుంది. మళ్లీ స్విచ్‌లు మార్చు, మళ్లీ నొక్కు. అయిపోయాక ముందు వెయిట్‌ని, తర్వాత క్లియర్‌ని పైకి లేపితే ప్రోగ్రాం మొదటి నుంచి నడుస్తుంది. రోమ్ లేదు, మానిటర్ లేదు, ల్యాప్‌టాప్ లేదు.

ఇక రెండో గుణం, నాకైతే ఇదే పెద్దది: దీని క్లాక్‌ని, అంటే చిప్‌ని అడుగడుగునా నడిపించే టిక్‌టిక్‌ని, ఎంత తగ్గించినా, పూర్తిగా ఆపేసినా లోపలున్నది చెరిగిపోదు. సీమాస్ స్టాటిక్ డిజైన్. ఇంటెల్ ఎన్‌మాస్ 8085కి క్లాక్ సుమారు 500 కిలోహెర్ట్జ్ కన్నా కిందికి దింపకూడదు. రెడీ పిన్ పట్టుకుని 8085ని కూడా ఒక్కో మెషిన్ సైకిల్ (చిప్ పనిలో ఒక్కో అడుగు) చొప్పున నడిపించొచ్చు కదా అని ఎవరో అంటారని తెలుసు. నడిపించొచ్చు. కానీ గుండె కొట్టుకునే వేగాన్నే మన చేత్తో తిప్పి తగ్గించడం వేరు.

మొన్న రోహిణి కార్తెలో జరిగింది చెబుతాను. మా పక్క వాటాలో ఉండే అమ్మాయి కూడా మీలాగే డిప్లొమా, రెండో సంవత్సరం. ఇంట్లో ఉడుకు భరించలేక సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లుకుని కూర్చుంటే, నా చేతిలో బోర్డు చూసి వచ్చింది. నాలుగు రీఛార్జబుల్ పెన్సిల్ సెల్స్ మీద నడుస్తోంది, కరెంటు తినేది దానిమీదున్న ఎల్‌ఈడీలే తప్ప చిప్ కాదు, అందుకే డాబా మీదకి పట్టుకెళ్లగలిగాను. "ఇది 8085 కాదు కదా బాబాయ్ గారూ, ఇందులో కీప్యాడ్ ఏదీ?" అంది. స్విచ్‌లు చూపించి, నువ్వే ఎక్కించమ్మా అని నాలుగు బైట్లు చెప్పాను: 7బి, 7ఎ, 30, 00. మొదటిది చిప్‌కున్న క్యూ అనే అవుట్‌పుట్‌ని వెలిగిస్తుంది, రెండోది ఆర్పుతుంది, మిగతా రెండూ కలిపి మళ్లీ మొదటికి పొమ్మనడం. స్విచ్ పైకంటే ఒకటి, కిందికంటే సున్నా. 7బి అంటే కింద, పైన, పైన, పైన, పైన, కింద, పైన, పైన అని నోటితో అనుకుంటూ పెట్టింది. ల్యాబ్‌లో హెక్స్‌ని (7బి లాంటి పదహారు గుర్తుల లెక్కని) అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదట.

రన్ పెట్టగానే క్యూ ఎల్‌ఈడీ ఆగకుండా వెలుగుతోంది, కాకపోతే కాస్త డిమ్‌గా. "ఆరడం లేదేంటి?" అంది. క్లాక్ ఒక మెగాహెర్ట్జ్, ఆ మూడు ఆదేశాలకీ కలిపి 48 క్లాక్‌లు, అంటే సెకనుకి ఇరవై వేలసార్లకు పైగా వెలిగి ఆరుతోంది, మన కంటికి అందదు. అప్పుడు స్విచ్ మార్చి 555 టైమర్ ఐసీతో చేసిన రెండో క్లాక్ మీదికి తెచ్చి, పాట్ (తిప్పే రెసిస్టర్) తిప్పి 8 హెర్ట్జ్‌కి దింపాను. 1802లో ఒక మెషిన్ సైకిల్‌కి సరిగ్గా 8 క్లాక్‌లు కాబట్టి ఒక సెకను ఆదేశాన్ని తెచ్చుకోవడం, ఒక సెకను అది చేయడం. ఎస్‌సీ0 పిన్‌కి పెట్టిన పసుపు ఎల్‌ఈడీ తెచ్చుకునేటప్పుడు ఆరి, చేసేటప్పుడు వెలుగుతుంది. అడ్రస్ ఎల్‌ఈడీల మీద ముందు పై బైటు, వెంటనే అవే తీగల మీద కింది బైటు కనిపిస్తాయి. టీ తాగుతూ చూడొచ్చు, అంత తీరిగ్గా నడుస్తుంది.

అమ్మాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ తీసింది. క్యూ రెండు సెకన్లు వెలుగుతోంది, నాలుగు సెకన్లు ఆరి ఉంటోంది. "వెలిగించేది ఒక ఆదేశం, ఆర్పేది ఒక ఆదేశం, మరి సమానంగా ఎందుకు లేదు?" నేనేమీ చెప్పలేదు. పసుపు దీపాన్ని కాసేపు చూసి, వెనక్కి పొమ్మనే ఆదేశం కూడా రెండు సెకన్లు తింటోంది, ఆ టైమంతా క్యూ ఆరే ఉంటోంది అని తనే పట్టేసింది. మరి సమానం చేయాలంటే? వెలిగించడానికీ ఆర్పడానికీ మధ్య ఏమీ చేయని ఆదేశం ఒకటి పెడతానంది. 1802కి నోప్ అంటే సి4. ఎక్కించి నడిపితే ఈసారి వెలుగు ఐదు, చీకటి నాలుగు! ఏమీ చేయని ఆదేశానికి మిగతావాటికన్నా ఎక్కువ టైమా అని ఆశ్చర్యపోయింది. అవును, ఈ చిప్‌లో నోప్ మూడు మెషిన్ సైకిళ్లు తీసుకుంటుంది. అప్పుడు ఆదేశాల పట్టిక చేతికిస్తే చాలాసేపు వెతికి, మనం వాడని ఎఫ్ రిజిస్టర్‌ని ఒకటి పెంచే 1ఎఫ్ ఎంచుకుంది. అది రెండే సైకిళ్లు. సి4 స్థానంలో 1ఎఫ్ పెట్టింది. నాలుగు, నాలుగు. ఆ పిల్ల మొహం చూడాల్సింది.

8085లో ఎంవీఐ ఆదేశానికి 7 టీ-స్టేట్లు (క్లాక్ లెక్కలు), జంప్‌కి 10 అని ఆ అమ్మాయి పరీక్షకి కంఠస్థం పట్టింది, మార్కులూ వచ్చాయి. టీ-స్టేట్ అంటే నిజంగా గడిచే కాలం అని తెలిసింది మాత్రం ఆ రోజు డాబా మీదే. మధ్యలో వాళ్లమ్మగారు అన్నానికి పిలిస్తే వెయిట్ స్విచ్ కిందికి నొక్కి వెళ్లిపోయింది, తినొచ్చి మళ్లీ పైకి నొక్కితే ఆగిన చోటి నుంచే సాగింది. కాలేజీల్లో లక్షలు పెట్టి ల్యాబ్‌లు కొంటారు, పిల్లలకి ఈ ఒక్క సాయంత్రం ఇవ్వలేకపోతున్నారు.

సబ్‌రొటీన్‌కి (పదేపదే వాడుకునే ప్రోగ్రాం ముక్కకి) వెళ్లి తిరిగి వచ్చే కాల్, రిటర్న్ ఆదేశాలు లేవు, ఇదేం ప్రాసెసర్ అని వంకపెట్టేవాళ్లుంటారు. 16 బిట్ల రిజిస్టర్లు 16 ఉన్నాయి, వాటిలో దేన్నయినా ప్రోగ్రాం కౌంటర్‌గా (తర్వాతి ఆదేశం ఎక్కడుందో చూపేదానిగా) మార్చుకోవచ్చు, ఒకే ఒక్క బైటు ఆదేశంతో. చిన్న సబ్‌రొటీన్‌కి ఒక రిజిస్టర్ కేటాయిస్తే దానికి వెళ్లడం ఒక బైటు, తిరిగి రావడం ఒక బైటు, స్టాక్ (తిరిగి రావాల్సిన చోటు దాచుకునే మెమరీ) ముట్టుకోనక్కర్లేదు. ఒకదానిలోంచి ఇంకొకటి పిలుచుకునే పెద్ద ప్రోగ్రాంలకి కాల్, రిటర్న్ పనులు చేసే రెండు చిన్న రొటీన్లు మనమే రాసుకోవాలి, ఆర్‌సీఏ వాళ్లే ఆ పద్ధతి మాన్యువల్‌లో ఇచ్చారు. ఒకసారి చేత్తో రాస్తే స్టాక్ అంటే ఏమిటో జన్మలో మర్చిపోరు. నా దృష్టిలో అది లోటు కాదు, వరం.

ఇంకో మాట. వాయేజర్ అంతరిక్ష నౌకలో 1802 ఉందని వీడియోల్లో తెగ చెబుతున్నారు, దయచేసి మీరూ అదే చెప్పకండి. 1977లో వెళ్లిన వాయేజర్ కంప్యూటర్లలో మైక్రోప్రాసెసరే లేదు, విడివిడి ఐసీలతో కట్టినవి. 1802 నిజంగా వెళ్లింది గెలీలియో నౌకలో. 1989లో బయల్దేరి, 1995లో గురుగ్రహాన్ని చేరి, 2003లో అందులోనే పడిపోయేదాకా పనిచేసింది. అసలు గొప్ప ఒకటి ఉండగా లేనిది అంటగట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

సామాను సంగతికొస్తే, టాగిల్ స్విచ్‌లు, ఎల్‌ఈడీలు, జీరో పీసీబీ (రంధ్రాల బోర్డు), ఐసీ బేస్‌లు, 555, సీడీ4000 రకం ఐసీలు గవర్నర్‌పేట, ఏలూరు రోడ్ వైపు కొట్లలో అడిగితే దొరుకుతాయి. ఐసీ బేస్ మాత్రం రెండు రూపాయలు ఎక్కువైనా గుండ్రటి పిన్నులది కొనండి, 40 పిన్నుల చిప్‌ని మామూలు బేస్‌లో నాలుగుసార్లు తీసిపెడితే కాంటాక్ట్ వదులైపోతుంది. 1802 మాత్రం ఊళ్లో దొరకదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఆర్‌సీఏ పేరుతోనే కాదు, తర్వాత హారిస్, ఇంటర్‌సిల్ పేర్లతో వచ్చినవీ అదే చిప్, భయం లేకుండా తీసుకోండి. కొంటున్నది కొత్తగా మెరిసిపోతుంటే అనుమానించండి. నాకు ఒకడు నిగనిగలాడే చిప్ పంపాడు, దూదికి అసిటోన్ అద్ది రుద్దితే పైనున్న అక్షరాలతో పాటు నల్లరంగు కూడా ఊడొచ్చింది, అడుగున ఇంకేదో నంబరుంది. డబ్బులు తిరిగివ్వమంటే సీలు విప్పారు కాబట్టి కుదరదన్నాడు. విప్పకుండా చిప్ అసలుదో కాదో ఎలా చూడాలో వాడే చెప్పాలి. అందుకని రాగానే పెట్టె విప్పే దగ్గర్నుంచి వీడియో తీసిపెట్టుకోండి. జడ్80నే కావాలనుకుంటే, తయారీదారు ఆ మామూలు రకాన్ని 2024లో ఆపేశాడు, కాబట్టి ఇకమీదట అందులోనూ ఈ రంగు పూసిన సరుకు పెరుగుతుంది.

టీవీ గురించి. 1802కి తోడు 1861 అనే వీడియో చిప్ ఉండేది, నిజమైనది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. పైగా దానికి క్లాక్ 1.76 మెగాహెర్ట్జ్ దగ్గరే ఉండాలి, అంటే నేను ఇంతసేపు చెప్పిన నెమ్మది నడకంతా పోతుంది. అదిచ్చే సిగ్నల్ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి), ఇప్పటి ఎల్‌సీడీ టీవీల ఏవీ సాకెట్ చాలావరకు తీసుకుంటుంది. అయినా మొదటి బోర్డుకి వద్దు. 256 బైట్లతో, స్విచ్‌లతో, నెమ్మది క్లాక్‌తో ముందు ఎల్ఫ్ కట్టండి. తర్వాత ర్యామ్ పెంచి, క్యూ పిన్‌ని సీరియల్ అవుట్‌పుట్‌గా, ఈఎఫ్3 పిన్‌ని ఇన్‌పుట్‌గా వాడి టెర్మినల్‌కి కలుపుకోండి, దానికి విడిగా యూఆర్ట్ (సీరియల్ పని చేసే) చిప్ కూడా అక్కర్లేదు. ఆ రొటీన్ హెక్స్‌లో నా దగ్గర ఉంది. మీ క్లాక్ ఎంతో చెబితే ఒక్కో బిట్‌కి ఎంతసేపు ఆగాలో చెప్పే డిలే బైటు లెక్కకట్టి పెడతాను.