బాణం రోజుకో వైపు వెళ్తుంటే ముందు విల్లు బరువు తగ్గించండి

మీ ప్రశ్న చదువుతుంటే నా మొదటి ఏడాది కళ్లముందు తిరిగింది. 45 పౌండ్ల రికర్వ్ (కొసలు ముందుకు వంగి ఉండే విల్లు; విల్లు బరువంటే దాన్ని లాగడానికి పట్టే బలం, దాన్నే పౌండ్లలో చెప్తారు) కొన్నారు, ఆరు నెలలుగా వేస్తున్నారు, ఒకరోజు బాణాలు బాగానే పడతాయి, ఇంకోరోజు అన్నీ ఎడమకీ కిందికీ పోతాయి, ఒకరేమో మూడు వేళ్లూ బాణం కిందే పెట్టమంటారు, ఇంకొకరు బొటనవేలితో లాగమంటారు, ఇందులో ఏది సరైన పద్ధతి అని అడిగారు. వేళ్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ 45 పౌండ్ల విల్లు పక్కన పెట్టి 25 పౌండ్లది ఒకటి సంపాదించండి, ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకున్నా సరే.

నేను 50 పౌండ్ల లాంగ్‌బోతో, అంటే కొసలు అలా వంగని పొడవాటి విల్లుతో, మొదలుపెట్టాను. లాగగలుగుతున్నాను కదా, ఇది నాకు సరిపోయినట్టే అనుకున్నాను. లాగడం వేరు, లాగి నిలబెట్టడం వేరు అని తెలిసేసరికి కుడి భుజం దెబ్బతిని మూడు నెలలు విల్లు ముట్టుకోలేకపోయాను. తిరిగి మొదలుపెట్టినప్పుడు అనుభవం ఉన్న ఒకాయన బాణం మీద అంగుళానికో గీత గీసి, పక్కన నిలబడి, ఆ 50 పౌండ్ల విల్లే నాచేత పదిసార్లు లాగించారు. నేను ప్రతిసారీ ఒకేచోటికి లాగుతున్నానని గట్టిగా నమ్మాను. గీతలు చూస్తే ఒకసారి 26 అంగుళాలు, ఒకసారి 26న్నర, అలసిపోయాక ఇంకా తక్కువ. తర్వాత 25 పౌండ్ల విల్లు చేతికిచ్చారు, పదికి పదిసార్లూ 28 దగ్గరే ఆగింది. అదే చెయ్యి, అదే మనిషి, కనీసం అంగుళంన్నర తేడా! నా అసలు డ్రా, అంటే నారిని ఎంత దూరం లాగుతానన్నది, అప్పటిదాకా నాకే తెలియదన్నమాట.

ఈ తేడా ఎంత పని చేస్తుందో చెప్తాను, ఎందుకంటే మీ ఎడమ-కింద సమస్య ఇక్కడే ఉందని నా గట్టి అనుమానం. విల్లు మీద రాసిన పౌండ్లు మామూలుగా 28 అంగుళాల డ్రాకి చెప్పే లెక్క. ఒక్క అంగుళం తగ్గితే దాదాపు 2 నుంచి 3 పౌండ్ల బలం పోతుంది, బాణం వేగం తగ్గి కిందికి పడుతుంది. అంతటితో అయిపోదు. నారి వదలగానే బాణం తిన్నగా పోదు, వంగి విల్లు పక్కనుంచి మెలి తిరిగినట్టు దాటుతుంది, అందుకే బాణం గట్టిదనం విల్లు బలానికి సరిపోవాలంటారు. బలం తగ్గితే అదే బాణం చాలినంత వంగదు, మరీ గట్టి బాణంలా ప్రవర్తిస్తుంది, కుడిచేత్తో లాగేవాళ్లకు అలాంటి బాణం ఎడమకు పోతుంది. అంటే డ్రా తగ్గిన రోజున గురి ఎంత సరిగ్గా ఉన్నా బాణం ఎడమకీ కిందికీ పోవచ్చు. మనం మాత్రం గురి తప్పిందనుకుని గురి మారుస్తూ కూర్చుంటాం, నేను నెలల తరబడి అదే చేశాను.

ఇంక డ్రా ఎక్కడ ఆపాలి అన్నది. చేతులు బార్లా చాచి కొలిచి 2.5తో భాగిస్తే డ్రా పొడవు వస్తుందని ఒక లెక్క ఉంది, బాణాలు కొనేటప్పుడు అందాజుకి పనికొస్తుంది, అంతకుమించి దాన్ని నమ్మకండి. నాకు పనిచేసింది ఇది: తేలిక విల్లు, టార్గెట్‌కి నాలుగైదు అడుగుల దూరం, పైన గుర్తులేమీ లేని ఖాళీ గడ్డి దిమ్మ. కళ్లు మూసుకుని లాగండి. విల్లు పట్టిన చేతి భుజం మెడ వైపు లేవకుండా కిందికే ఉండాలి. లాగే మోచేయి వెనక్కి తిరుగుతూ బాణానికి సరిగ్గా వెనక, ఒకే గీతలోకి వచ్చినప్పుడు బరువు చేతి కండల మీదినుంచి వీపులోకి మారుతుంది, రెండు రెక్క ఎముకలూ దగ్గరకొచ్చినట్టు అనిపిస్తుంది. అది ఒకసారి తెలిస్తే మళ్లీ మర్చిపోరు. అప్పుడు చెయ్యి ముఖం మీద ఎక్కడ ఆనుతోందో చూసుకోండి. నాకు చూపుడువేలు నోటి మూలకు, బొటనవేలు దవడ ఎముక కిందికి వచ్చాయి, ఆ రెండూ ఒకేసారి తగిలితేనే వదులుతాను. కొందరికి కోరపన్ను దగ్గర, కొందరికి చెంప ఎముక కింద కుదురుతుంది. ముందు ముఖం మీద చోటు ఎంచుకుని చేతిని అక్కడికి ఈడ్చుకొస్తే మోచేయి బయటికి పోతుంది, నేను ఫ్రెడ్ బేర్ అనే పేరున్న అమెరికన్ విలుకాడి పాత వీడియోలు చూసి సరిగ్గా అదే చేశాను. ఆయన విల్లు పక్కకు వాల్చి పట్టి లాగీ లాగగానే వదిలేవాడు, దాని వెనక ఎన్నేళ్ల సాధన ఉందో ఆలోచించకుండా నేను ఆ తొందరను మాత్రం పట్టుకున్నాను.

వేళ్ల గురించి. బాణానికి పైన ఒకటి, కింద రెండు అన్నది ఎక్కువమంది వాడే పట్టు. మూడూ కింద పెడితే బాణం కంటికి దగ్గరవుతుంది, దగ్గరి దూరాల్లో బాణం మొన చూస్తూ గురి పెట్టేవాళ్లకు సుఖం, కానీ నారి మీద బాణం ఎక్కించే గుర్తు కొంచెం పైకి జరపాల్సి రావచ్చు. విల్లు పొట్టిదైతే నారి మరీ వాలుగా మడతపడి వేళ్లను నొక్కుతుంది, పైవేలు బాణాన్ని నెట్టేస్తుంది, మీకు బాణం జారిపోతోందంటే అదీ చూసుకోండి. నారి ఎప్పుడూ వేలికొనల మీద కాకుండా మొదటి కణుపు మడతలో ఉండాలి, చేతి వెనక భాగం బల్లపరుపుగా, మణికట్టు వదులుగా. బొటనవేలి డ్రా పూర్తిగా వేరే విద్య, అందులో కుడిచేతివాళ్లు బాణాన్ని విల్లుకు కుడిపక్కన పెడతారు, బొటనవేలికి ఉంగరం కావాలి, గుర్రం మీదినుంచి వేసే విల్లు లాంటి పొట్టి విల్లుకి బాగుంటుంది. మీ రికర్వ్‌తో రెండూ కలిపి చేయొద్దు.

వదలడం అంటే వేళ్లు తెరవడం కాదు. వీపు లాగుతూనే ఉండాలి, వేళ్లలో బిగువు పోవాలి, నారి తనంతట తాను జారిపోవాలి, చెయ్యి చెంపను రాసుకుంటూ చెవి వైపు పోవాలి. బాణం వదిలాక మీ చెయ్యి గాల్లో బయటికి ఎగురుతుంటే నారిని పక్కకు మీటుతున్నారన్నమాట, దానివల్ల కూడా బాణం ఎడమకే పోతుంది.

నేను ఆ ఖాళీ దిమ్మ ముందు రోజుకి 30 బాణాల చొప్పున రెండు నెలలు వేశాను. విసుగు వస్తుంది, టెన్షన్ కూడా వస్తుంది, అయినా గుర్తు పెట్టి గురి చూడాలన్న ఆశను ఆపుకోండి. పూర్తి డ్రాలో వణుకు లేకుండా పది సెకన్లు నిలబెట్టగలిగినప్పుడే 5 పౌండ్లు పెంచండి, భుజం ముందువైపు నొప్పి తగిలిన రోజున అక్కడితో ఆపేయండి. ఈలోపు ఎవరిచేతనైనా మీ వెనకనుంచి, పూర్తి డ్రాలో ఉన్నప్పుడు, ఒక వీడియో తీయించి పెట్టండి, మోచేయి ఎక్కడుందో చూసి చెప్తాను.