ఆప్షన్లలో పోయింది ఆప్షన్లలోనే వస్తుందా?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీలో పనిచేస్తున్నాను. నెలకు 68 వేలు చేతికొస్తాయి. భార్య, మూడేళ్ళ పాప ఉన్నారు. రెండేళ్ళుగా నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ సూచీలపై ఆప్షన్లు (గడువు రోజున ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కునిచ్చే ఒప్పందాలు) కొంటూ 9.4 లక్షలు పోగొట్టుకున్నాను. దానికోసం తీసుకున్న వ్యక్తిగత రుణంలో ఇంకా 6.2 లక్షలు మిగిలి ఉంది. వడ్డీ 15.5 శాతం, ఈఎంఐ 19,200, మరో 42 నెలలు కట్టాలి. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఈమధ్యే మా నాన్నగారు (64 ఏళ్ళు) తణుకు దగ్గర మా ఊళ్ళో 30 సెంట్ల పొలం అమ్మి, ‘నువ్వే చూసుకో’ అంటూ 18 లక్షలు నా ఖాతాలో వేశారు. అందులో 10 లక్షలు ఒక స్మాల్‌క్యాప్ (చిన్న కంపెనీల షేర్ల) ఫండ్‌లో పెట్టి, 5 లక్షలతో ఈసారి ఆప్షన్లు అమ్మాలనుకుంటున్నాను. మిగిలిన 3 లక్షలు దగ్గర ఉంచుకుంటాను. కొనేవాళ్ళు పోగొట్టుకుంటారు, అమ్మేవాళ్ళే సంపాదిస్తారని నేను చూసే టెలిగ్రామ్ ఛానల్ నిర్వాహకుడు చెబుతుంటారు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు కదా! నా ఆలోచన సరైనదేనా?

జవాబు: కాదు. ఐదు లక్షల విషయంలోనూ కాదు, పది లక్షల విషయంలోనూ కాదు. ఆ మూడు లక్షల దగ్గర మాత్రం మీతో ఏకీభవిస్తాను.

మీరు చెప్పిన సామెత చెవిపోగు జారిపోయినప్పుడు పనికొస్తుంది. అది పడ్డచోటే ఉంటుంది కాబట్టి. మీ 9.4 లక్షలు పడ్డచోట లేవు. మీరు కొన్న ఆప్షన్‌ను అమ్మినవారి ఖాతాలోకి చాలా భాగం, బ్రోకరేజీ, ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీల పన్ను), జీఎస్‌టీ రూపంలో కొంత భాగం ఎప్పటికప్పుడే వెళ్ళిపోయాయి. మార్కెట్ మీకేమీ బాకీ లేదు. ఐదు లక్షల పెట్టుబడితో 9.4 లక్షలు రాబట్టాలంటే ఆ సొమ్ము దాదాపు మూడింతలు కావాలి. అంత రాబడిని వెంటాడేవారు తీసుకునే నిర్ణయాలు ఎలా ఉంటాయో గత రెండేళ్ళలో మీకే అనుభవమయింది.

మీరొక్కరే తెలివితక్కువగా చేశారని నేననను. స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) లావాదేవీలు చేసిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. అందరి నష్టం కలిపితే 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. ఖర్చులు పోను లక్ష రూపాయలకు మించి లాభం చూసినవారు ఒక్క శాతమే. తర్వాతి ఏడాది, 2024-25లో, నష్టపోయినవారు 91 శాతం. ఇవన్నీ ఒక ఎత్తు, ఆ 2024 అధ్యయనంలోని మరో అంకె ఒక ఎత్తు: నష్టపోతున్నవారిలో నాలుగింట మూడొంతుల మంది ఆ తర్వాత కూడా ట్రేడింగ్ ఆపలేదు. వాళ్ళలో చాలామంది మీలాగే ఆ సామెతను నమ్ముకున్నారని నా అనుమానం.

ఇక ‘అమ్మేవాళ్ళే సంపాదిస్తారు’ అన్న మాట. ఇది సగం నిజం, అందుకే ప్రమాదకరం. ఆప్షన్ అమ్మినవారికి ప్రీమియం (కొన్నవారు చెల్లించే ధర) ముందే చేతికొస్తుంది, రోజులు గడిచేకొద్దీ ఆ ఆప్షన్ విలువ కరుగుతుంది, ఎక్కువ వారాలు చిన్న లాభంతో గడుస్తాయి. ఇక్కడివరకు ఛానల్‌వారు చెప్పింది సరే. మిగతా సగానికి 2024 జూన్ మొదటి వారాన్ని గుర్తు చేసుకోండి. ఎగ్జిట్ పోల్స్ తర్వాత 3వ తేదీ సోమవారం నిఫ్టీ మూడు శాతానికి పైగా ఎగిసింది. కాల్స్ (సూచీ పెరిగితే కొన్నవారికి లాభమిచ్చే ఆప్షన్లు) అమ్మినవారు ఇబ్బంది పడ్డారు. మర్నాడు లోక్‌సభ ఫలితాల రోజున 1,379 పాయింట్లు, అంటే దాదాపు ఆరు శాతం పడింది. పుట్స్ (సూచీ పడితే కొన్నవారికి లాభమిచ్చేవి) అమ్మినవారు మునిగారు. 5వ తేదీన మళ్ళీ మూడు శాతానికి పైగా పెరిగింది. ఆ మూడు రోజుల్లో, అటో ఇటో ఒకవైపు అమ్మి నిద్రపోయినవారికి నెలల తరబడి కూడబెట్టిన ప్రీమియం మిగల్లేదు.

స్టాప్‌లాస్ (నష్టం ఒక హద్దు చేరగానే బయటపడే ఆర్డరు) పెట్టుకుంటానంటారేమో. 2025 ఏప్రిల్ 7న, అమెరికా సుంకాల భయంతో, నిఫ్టీ అంతకుముందు ముగింపుకన్నా వెయ్యి పాయింట్లకు పైగా కిందనే మొదలయింది. శుక్రవారం మీరు పెట్టుకున్న హద్దుకూ సోమవారం ఉదయం 9.15కు కనిపించిన ధరకూ మధ్య ఎక్కడా బయటపడే వీలే లేదు. సూచీకి దూరంగా ఉన్న ధరకు మరో ఆప్షన్ కొని హెడ్జ్ చేస్తే (రక్షణ పెట్టుకుంటే) నష్టానికి హద్దు ఉంటుంది, నిజమే. కానీ హెడ్జ్ చేయగానే బ్రోకరు అడిగే మార్జిన్ (హామీ సొమ్ము) బాగా తగ్గుతుంది. మిగిలిన మార్జిన్‌తో మరో రెండు లాట్లు (కాంట్రాక్టులు), ఆపైన మరో రెండు... ఐదు లక్షల ఖాతాలు ఇలాగే ఖాళీ అవుతాయి. 2024 నవంబరు నుంచి ఒక ఇండెక్స్ కాంట్రాక్టు విలువ కనీసం 15 లక్షలు ఉండాలని సెబీ నిబంధన పెట్టింది. మీరు రెండు లాట్లు అమ్మితే 30 లక్షల పందెం మీద కూర్చున్నట్టు. మీ ఏడాది జీతానికి అది మూడింతలకన్నా ఎక్కువ.

పైగా ఎదుటివైపు ఎవరున్నారో చూడండి. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో ప్రొప్రైటరీ ట్రేడర్లు (సొంత డబ్బుతో ట్రేడింగ్ చేసే సంస్థలు) సుమారు 33 వేల కోట్లు, విదేశీ పోర్ట్‌ఫోలియో సంస్థలు 28 వేల కోట్లు స్థూల లాభం సంపాదించాయని, అందులో తొంభై అయిదు శాతానికి పైగా ఆల్గో ట్రేడింగ్ (కంప్యూటర్ ప్రోగ్రాములు నడిపే లావాదేవీలు) ద్వారానే వచ్చిందని సెబీ తేల్చింది. అమెరికాకు చెందిన ట్రేడింగ్ సంస్థ జేన్ స్ట్రీట్ సంగతి మీరు వినే ఉంటారు. ఎక్స్‌పైరీ (ఆప్షన్ల గడువు ముగిసే) రోజుల్లో బ్యాంక్ నిఫ్టీ షేర్లను ఉదయం కొని, సాయంత్రం అమ్మి, ఆ మధ్యలో ఆప్షన్లలో లాభపడిందని ఆరోపిస్తూ 2025 జులైలో సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, 4,843 కోట్లు స్వాధీనపరచమంది. సంస్థ ఆ ఆరోపణలను తోసిపుచ్చి అప్పీలుకు వెళ్ళింది. ఆ వివాదం ఎలా తేలినా మీరు గమనించాల్సింది మరొకటి ఉంది: మీరు మధ్యాహ్నం భోజన విరామంలో ఫోనులో చూసే చార్టుకు అవతల ఆ స్థాయి డబ్బు, ఆ స్థాయి యంత్రాలు ఉన్నాయి.

టెలిగ్రామ్ ఛానల్ గురించి రెండు ముక్కలు. దాని నిర్వాహకుడికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో సెబీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడండి. పాఠాలు మాత్రమే చెబుతున్నామనేవారు మూడు నెలలు దాటిన పాత ధరలనే ఉదాహరణలుగా వాడాలని 2025 జనవరిలో సెబీ స్పష్టం చేసింది. ‘ఈ రోజు ఈ కాల్ అమ్మండి’ అంటే అది పాఠం కాదు, సలహా. సలహాకు రిజిస్ట్రేషన్ కావాలి. తన లింకు ద్వారా ఖాతా తెరిస్తే ఫీజు వద్దంటున్నారా? అయితే మీరు చేసే ప్రతి లావాదేవీలోనూ ఆయనకు వాటా ఉండొచ్చు. అలాంటివారు మీకు ఊరుకోమని ఎందుకు చెబుతారు?

ఇప్పుడు అసలు విషయం. ఆ 18 లక్షలు మీవి కావు. చట్టప్రకారం తండ్రి కొడుక్కి ఇచ్చిన సొమ్ముపై పన్ను లేదు, మీ ఖాతాలో ఉంది, అంతా నిజమే. కానీ 64 ఏళ్ళ రైతు పొలం అమ్మి ‘నువ్వే చూసుకో’ అన్నాడంటే, ‘నన్ను చూసుకో’ అన్నది కూడా అందులో ఉంది. మిగిలిన పొలం ఎంత, కౌలు ఎంత వస్తుంది, అమ్మగారికి మందుల ఖర్చు ఎంత, ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. అవి తెలియకుండా స్మాల్‌క్యాప్ ఫండ్ పేరు ఎంచుకోవడం తొందరపాటు.

ముందు ఇంట్లో చెప్పండి. భార్యకు, తర్వాత నాన్నగారికి. కష్టమే. కానీ అప్పు దాచి ఆయన డబ్బుతోనే అప్పు తీరిస్తే, అది రేపు బయటపడ్డ రోజున ఇప్పటికన్నా ఎక్కువ బాధ. పైగా దాచిన నష్టమే మనిషిని ‘ఎవరికీ తెలియకముందే రాబట్టాలి’ అని తొందరపెడుతుంది. మీ 5 లక్షల ఆలోచన వెనక ఉన్నది అదేనని నాకనిపిస్తోంది.

చెప్పిన తర్వాత, ఆయన సమ్మతితో, మొదట వ్యక్తిగత రుణం తీర్చేయండి. రాబోయే 42 నెలల్లో దానిమీద మీరు కట్టబోయే వడ్డీ సుమారు 1.87 లక్షలు. ముందే కడితే మూడు శాతం రుసుము, దానిపై జీఎస్‌టీ కలిపి 22 వేల దాకా అడగవచ్చు. అయినా లాభమే. 15.5 శాతం కచ్చితంగా, పన్ను లేకుండా మిగిల్చే పెట్టుబడి మరెక్కడా దొరకదు. మీరు దగ్గర ఉంచుకుంటానన్న దాంట్లో 2 లక్షలు అత్యవసరాలకు ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో వేయండి. మీ ట్రేడింగ్ ఖాతాకు అనుసంధానమైన బ్యాంకులో మాత్రం వద్దు.

ఒక 9 లక్షలు నాన్నగారి పేరిట సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో పెట్టండి. పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరవచ్చు. గరిష్ఠ పరిమితి 30 లక్షలు. రేటును ప్రభుత్వం ప్రతి మూడు నెలలకూ సమీక్షిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి చూస్తున్న 8.2 శాతం ప్రకారమైతే మూడు నెలలకోసారి 18,450 రూపాయలు ఆయన ఖాతాలో పడతాయి. ఖాతా తెరిచిన రోజున ఉన్న రేటే ఐదేళ్ళూ ఉంటుంది. ఇందులో గొప్ప తెలివేమీ లేదు, కానీ పొలం అమ్మిన మనిషికి మూడు నెలలకోసారి సొమ్ము కనబడటం ముఖ్యం. మిగిలే అరలక్ష పైచిలుకు తల్లిదండ్రుల ఆరోగ్య బీమాకు వాడండి. మీకు టర్మ్ పాలసీ లేకపోతే కోటి రూపాయలకు వెంటనే తీసుకోండి. వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్‌టీ లేదు.

స్మాల్‌క్యాప్ ఫండ్లు చెడ్డవి కావు. ఒకేసారి 10 లక్షలు, అదీ తండ్రి వృద్ధాప్యానికి సంబంధించిన సొమ్ము, వాటిలో పెట్టడమే తప్పు. 2018 జనవరి నుంచి 2020 మార్చి వరకు నిఫ్టీ స్మాల్‌క్యాప్ 100 సూచీ అరవై శాతానికి పైగా పడింది. మీ 10 లక్షలు 4 లక్షలకన్నా తక్కువగా కనిపిస్తున్న సమయంలో నాన్నగారికి ఆపరేషన్ అవసరమైతే? ఆప్షన్లలో నష్టాన్ని ఓర్చుకోలేక ఎక్కువ లాట్లు కొన్నానని మీరే రాసి ఉన్నా ఆశ్చర్యపోను. రాయలేదు కాబట్టి వదిలేస్తున్నాను.

పోయిన 9.4 లక్షలు మళ్ళీ ఎక్కడి నుంచి వస్తాయి? మీ జీతం నుంచి. రుణం తీరితే నెలకు 19,200 మిగులుతుంది. అందులో 15 వేలు సిప్‌గా (నెలనెలా పెట్టుబడిగా) వేయండి: ముప్పావు వంతు నిఫ్టీ 50 లేదా నిఫ్టీ 500 ఇండెక్స్ ఫండ్‌లో, డైరెక్ట్ ప్లాన్‌లో (ఏజెంటు కమిషన్ లేనిది). మీకంత మోజు ఉంటే మిగిలిన పావు వంతు స్మాల్‌క్యాప్‌లో. ఏడాదికి సగటున 10 శాతం వస్తే సుమారు నాలుగేళ్ళ మూడు నెలలకు 9.4 లక్షలు దాటుతుంది. దానికి గ్యారంటీ ఏమీ లేదు. పైగా ఆ మొత్తంలో 7.65 లక్షలు మీరు వేసినదే. అంటే నష్టాన్ని పూడ్చేది మార్కెట్ కాదు, మీ నెల జీతమే. మార్కెట్ కాస్త చేయూతనిస్తుంది. ఈ లెక్క మీకు నీరసంగా అనిపించవచ్చు. నాన్నగారికి అవసరమొస్తే మాత్రం ఈ సిప్ నుంచే ముందు తీసివ్వాలి, ఎందుకంటే రుణం తీరింది ఆయన డబ్బుతో.

బ్రోకరు యాప్‌లో ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ను నిలిపివేసే వీలుంటుంది. ఈ రోజే నిలిపివేయండి. మ్యూచువల్ ఫండ్లకు అది అవసరం లేదు.

చివరగా పన్ను. మీ వంటి ఉద్యోగులు చాలామంది నష్టమే కదా అని దాన్ని చూపకుండా జీతం ఒక్కటే చూపి ఐటీఆర్-1 వేస్తారు. ఎఫ్ అండ్ ఓ ఫలితం లాభమైనా నష్టమైనా వ్యాపార ఆదాయం కిందికి వస్తుంది. సాధారణంగా ఐటీఆర్-3 వేయాలి. గడువులోగా వేస్తే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ళ వరకు ముందుకు తీసుకెళ్ళవచ్చు. కానీ జీతంలోంచి దాన్ని తీసివేయలేరు, తర్వాతి ఏళ్ళలో వ్యాపార లాభం ఉంటేనే సర్దుబాటు. కాబట్టి ‘నష్టం వృథా పోతుంది’ అని మళ్ళీ ట్రేడింగ్ మొదలుపెట్టకండి, ఆ ఉచ్చులో పడినవారిని చూశాను. నాన్నగారి పొలం గ్రామీణ వ్యవసాయ భూమి అయితే అమ్మకంపై మూలధన లాభాల పన్ను ఉండదు. పదివేలకు మించి లక్షలోపు జనాభా ఉన్న పట్టణానికి దగ్గరైతే, దాని హద్దు నుంచి సరళరేఖలో రెండు కిలోమీటర్లకు మించిన దూరంలో ఉండాలి. ఈ దూరాన్ని తహసీల్దారు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. సీఏ దగ్గరికి వెళ్ళేటప్పుడు దానితోపాటు విక్రయ దస్తావేజు, బ్రోకరు ఇచ్చే రెండేళ్ళ లాభనష్టాల నివేదిక, మీ ఏఐఎస్ (ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే వార్షిక సమాచార నివేదిక) ప్రతి తీసుకెళ్ళండి. వేసిన రిటర్నులను సవరించే గడువు ఇంకా ఉందేమో మొదట అడగండి.