బీరువా లాంటి పడకలో తలుపులేసుకుంటే ఊపిరాడేదా?

యూరప్ పాత ఇళ్లలో గోడలోని బీరువాల్లాంటి వాటిలో తలుపులేసుకుని పడుకునేవారట, నిజమేనా, ఊపిరాడేదా అని అడిగారు. నిజమే. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో, అతిథి గృహంగా మార్చిన ఒక పాత రైతు ఇంట్లో నేనూ ఓ రాత్రి అలా పడుకున్నాను. అక్కడ దాన్ని బెడ్‌స్టే అంటారు.

అసలు కారణం చలి. ఇంటిల్లిపాదికీ ఉండేది ఒక్క పొయ్యి, అర్ధరాత్రి అది చల్లారితే గదంతా మంచు ముద్దే. మూడు వైపులా చెక్క, నాలుగో వైపు తలుపులు ఉంటే లోపలున్న ఇద్దరి ఒంటి వేడి బయటికి పోదు. నేను వెళ్లింది నవంబరులో. తలుపులు దగ్గరికి వేసిన కాసేపటికే పైనున్న రెండో దుప్పటి తీసేశాను. పైగా పొద్దున్నే తలుపు మూసేస్తే పడక కనబడదు, అదే గదిలో వంట, భోజనం, కుట్టుపని అన్నీ సాగిపోతాయి. చాలా ఇళ్లలో పడక కింది చోటు కూడా వదల్లేదు, బంగాళాదుంపలు పోసుకునేవారు.

ఊపిరి ఆడుతుంది. తలుపు పలకల్లో హృదయాకారంలోనో మరోలానో చిన్న రంధ్రాలు కోసి ఉంచేవారు. కానీ గాలి బరువుగా ఉంటుంది. తెల్లారి చూస్తే తల దగ్గరి పలక చెమర్చి ఉంది, చేత్తో తుడిస్తే అరచెయ్యి తడిసింది. గడ్డి పరుపుల కాలంలో ఆ చెమ్మ ఏం చేసి ఉంటుందో ఊహించుకోండి. ఇంట్లో ఒకరికి క్షయ ఉంటే పక్కన పడుకున్నవాళ్లు తప్పించుకునే దారేది? ఆ వెచ్చదనాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలని నా అభిప్రాయం. 1901లో వచ్చిన డచ్ గృహ చట్టం ఇళ్లకు వెలుతురు, గాలి ఉండాలని పట్టుబట్టాక కొత్త ఇళ్లలో ఇవి కనుమరుగవుతూ వచ్చాయి.

పొడవు మాత్రం నాకు చాల్లేదు, రాత్రంతా మోకాళ్లు ముడుచుకునే ఉన్నాను. అప్పట్లో దిళ్లు ఎత్తుగా పేర్చుకుని సగం కూర్చున్నట్టు పడుకునేవారని అక్కడి మ్యూజియంలలో చెబుతారు.

ఇది డచ్‌వాళ్లకే పరిమితం కాదు. ఫ్రాన్స్‌లోని బ్రిటనీలో వీటిని లీ క్లో అంటారు, ముందు ఒక పెట్టె బల్ల ఉంటుంది, దాని మీద కాలుపెట్టి ఎక్కాలి. స్కాట్లాండ్‌లోనూ ఉండేవి. చూడాలనుంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో చిత్రకారుడు రెంబ్రాంట్ 1639 నుంచి 1658 వరకు ఉన్న ఇంటికి వెళ్లండి, పాత రూపంలో మళ్లీ కట్టిన పడకలు కనిపిస్తాయి. పల్లె ఇళ్లవి కావాలంటే ఆర్న్‌హెమ్ ఓపెన్ ఎయిర్ మ్యూజియం మేలు. అక్కడ కాళ్ల వైపు పైన చిన్న చెక్క అర ఏమైనా ఉందేమో చూడండి, పసిపిల్లల్ని పడుకోబెట్టేది అందులోనే.