లోతు తక్కువ నీళ్లలో ధ్వని: కొత్తగా రాస్తున్న అమ్మాయికి లేఖ

అమ్మాయికి,

ఆశీస్సులు. నీ వ్యాసం చదివాను. వాక్యం నడక బావుంది, అందుకే దాపరికం లేకుండా రాస్తున్నాను. మొదటి పేజీలోంచి డాల్ఫిన్‌నీ టైటానిక్‌నీ తీసెయ్. సోనార్ మీద, అంటే నీళ్లలోకి ధ్వని పంపి దాని ప్రతిధ్వని వినే పరికరం మీద, రాసేవాళ్లలో సగం మంది వాటితోనే మొదలుపెడతారు, నీ విషయానికి ఆ రెంటితోనూ పని లేదు. నువ్వు ఎంచుకున్నది లోతు తక్కువ సముద్రంలో ధ్వని చెదిరిపోవడం. ఆ మాట నీ వ్యాసంలో మూడో పేజీకి గానీ రాలేదు.

అసలు చిక్కు నీ ఈ వాక్యంలో ఉంది: "సోనార్ పంపిన ధ్వని అడుగును తాకి తిరిగి వస్తుంది, పట్టిన సమయాన్ని బట్టి దూరం తెలుస్తుంది." తప్పేం లేదు. పడవ కింద లోతు చూసుకునేవాడికి అంతే చాలు. కానీ అడ్డంగా, దూరదూరాల నుంచి వినాలనుకునేవాడికి కష్టాలు అక్కడే మొదలవుతాయి. ఆ కష్టాల గురించే నువ్వు రాయాల్సింది.

ఒక్క పింగ్‌ను, అంటే సోనార్ ఒకసారి పంపే చిన్న కూతను, పట్టుకుని దాని వెంటే వెళ్లు. లోతు 20 మీటర్లు అనుకో, పరికరం నీటి మధ్యలో ఉందనుకో. నీళ్లలో ధ్వని సెకనుకు దాదాపు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 7 మిల్లీసెకన్లు తిరక్కముందే పైన అలల్నీ కింద ఇసుకనీ తాకేస్తుంది. అక్కణ్ణుంచి పైకీ కిందికీ కొట్టుకుంటూ ముందుకు సాగుతుంది, తగిలిన ప్రతిచోటా కొంత చెదురుతుంది. సరిగ్గా ఒక సెకను తర్వాత నీకు వినిపించేది 750 మీటర్ల అవతలి జవాబు. అక్కడ నువ్వు వెతికే వస్తువు ఒక్కటే లేదు కదా! పింగ్ నిడివి సెకనులో పదోవంతు అయితే, 75 మీటర్ల వెడల్పున్న వలయం మొత్తం ఒకేసారి బదులిస్తుంది. అన్ని దిక్కులా వినే పరికరానికి అది 35 హెక్టార్ల సముద్రపు అడుగు, దాని నెత్తిన అంతే మేర అలలు, ఆ రెంటి నడుమ ఉన్న చేపలూ బుడగలూ. ఈ మోత అంతటినీ కలిపి రివర్బరేషన్ అంటారు. ఈ వలయం లెక్క నీ వ్యాసంలో పెట్టు. పాఠకుడు కాగితం మీద తనే వేసి చూసుకోగలడు.

వేసి చూసుకున్నాక అతను అడిగే మొదటి ప్రశ్న: మరి ఇంకా గట్టిగా పంపితే? దీనికి నీ దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. పింగ్ శక్తి రెట్టింపు చేస్తే వస్తువు జవాబు రెట్టింపవుతుంది, ఇసుక జవాబూ రెట్టింపవుతుంది. నిష్పత్తి అంగుళం కదలదు. ఓడల రొదో గాలివాన చప్పుడో అడ్డొస్తున్నప్పుడు శక్తి పెంచితే లాభం ఉంటుంది. ఇక్కడ అడ్డొస్తున్నది మనం పంపిన ధ్వనే. అందుకే పరిశోధకులు గొంతు పెంచడం మాని వలయాన్ని కోసేస్తారు. వరసగా చాలా హైడ్రోఫోన్లు (నీళ్లలో వినే మైకులు) పెట్టి ఒక దిక్కు నుంచే వింటారు, ఫ్రీక్వెన్సీ మారుతూ పోయే పింగ్ పంపుతారు. ఆ మార్పు 100 హెర్ట్జ్ మేర ఉన్నా చాలు, వచ్చిన సిగ్నల్‌ని లెక్కతో సరిగ్గా కుదిస్తే 75 మీటర్ల వలయం ఏడున్నర మీటర్లకు దిగుతుంది.

ఇక "గరుకు నేల" అని చాలాచోట్ల రాశావు. ఎవరికి గరుకు? 3 కిలోహెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం అర మీటరు. 100 కిలోహెర్ట్జ్‌కి ఒకటిన్నర సెంటీమీటరు. అడుగును రాసుకుంటూ పోయే ధ్వనిని ఎక్కువగా వెనక్కి తిప్పేవి తరంగదైర్ఘ్యంలో దాదాపు సగం ఎడంతో ఉన్న ఒడిదుడుకులు. కాబట్టి పాతిక సెంటీమీటర్ల ఎడంతో ఉన్న ఇసుక మెరకలు మొదటిదానికి పెద్ద అడ్డంకి, రెండోదానికి వాలు నేల. ఆ రెండోదాన్ని ఇబ్బంది పెట్టేవి గవ్వ ముక్కలు. ఫ్రీక్వెన్సీ చెప్పకుండా నేల గరుకని రాస్తే ఆ వాక్యానికి అర్థం లేదు. కోణం చెప్పకపోయినా అంతే. ఇసుకలో ధ్వని నీళ్లలోకన్నా వేగంగా, సెకనుకు 1700 మీటర్ల చుట్టుపక్కల పోతుంది. అందువల్ల అడుగుతో సుమారు 28 డిగ్రీలకన్నా తక్కువ కోణం చేస్తూ తగిలిన ధ్వనిలో ఎక్కువ భాగం మళ్లీ నీళ్లలోకే వచ్చేస్తుంది. మెత్తటి బురదకు ఆ కట్టడి లేదు. లోపలికి దిగనిస్తుంది, అక్కడ కూరుకుపోయిన గవ్వలూ గ్యాసు బుడగలూ దాన్ని చెదరగొడతాయి.

చేపల్ని ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నాకైతే వ్యాసం మొత్తంలో అన్యాయం జరిగింది వాటికే అనిపించింది. ఖండపు అంచుల మీద తక్కువ లోతులో సోనార్ తెరపై కనబడే దొంగ లక్ష్యాలకు అడుగున ఉన్న భూస్వరూపాలే, పూడిపోయిన పాత నదీ మార్గాల వంటివే, కారణమేమోనని ఒకప్పుడు అనుమానించారు. 2003లో న్యూజెర్సీ తీరానికి ఆవల అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన నికొలస్ మాక్రిస్ బృందం చూసినప్పుడు అందులో ప్రధానమైన దోషులు చేపల గుంపులని తేలింది. కోట్లలో ఉన్న చేపలు గుంపు కట్టడం, విడిపోవడం నిమిషాల తేడాతో పటంగా వచ్చింది. 2006లో ఆ ఫలితాలు సైన్స్ పత్రికలో అచ్చయ్యాయి. వాళ్లు వాడిన ధ్వని 400 హెర్ట్జ్ చుట్టుపక్కలది, అంటే మూడున్నర మీటర్లకు పైబడిన తరంగదైర్ఘ్యం. జానెడు చేప అంత పెద్ద తరంగాన్ని ఎలా చెదరగొడుతుంది? దాని కడుపులోని గాలితిత్తి వల్ల. నీటి పక్కన గాలి ఉన్నచోట ధ్వని గోడకు తగిలినట్టు ఆగుతుంది. ఆ తిత్తి లేని అట్లాంటిక్ మాకెరల్ చేప అదే సైజు హెర్రింగ్ కన్నా చాలా బలహీనంగా వినబడుతుంది. అలలు విరిగినప్పుడు పుట్టే బుడగలదీ ఇదే కథ. ఒక మిల్లీమీటరు వ్యాసార్ధం ఉన్న బుడగ నీటి పైభాగంలో మూడుంపావు కిలోహెర్ట్జ్ దగ్గర మోగుతుందని మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త 1933లోనే లెక్క కట్టాడు. ఈ పేరా పెంచు. కావాలంటే నా మాటగా సంపాదకుడితో పోట్లాడు.

డెసిబెల్స్ దగ్గర జాగ్రత్త. "220 డెసిబెల్స్, జెట్ ఇంజిన్‌ను మించిన మోత" అన్నది కొట్టెయ్. నీళ్లలో కొలతకు ఆధారం ఒక మైక్రోపాస్కల్ ఒత్తిడి, గాలిలో 20 మైక్రోపాస్కల్స్. నీటి స్వభావం కూడా వేరు. తీవ్రత పోల్చాలంటే నీటి అంకెలోంచి దాదాపు 62 తీసెయ్యాలి.

"సోనార్ చూపించింది" అని కూడా రాయకు. ఒకే మోతాదు మోత ఇసుక మెరకల నుంచి రావచ్చు, గవ్వల నుంచి రావచ్చు, చేపల నుంచీ రావచ్చు. అందుకే ఈ రంగంలో మంచి ప్రయోగాలన్నీ ధ్వనినీ సముద్రాన్నీ ఒకేసారి కొలుస్తాయి. 1999లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సాక్స్-99 అనే ప్రయోగం జరిగినప్పుడు డైవర్లు దిగి ఇసుక గరుకును ఫొటోలతో కొలిచారు. 2013 వసంతంలో అదే ఫ్లోరిడాలోని పనామా సిటీ దగ్గర, 20 మీటర్ల నీళ్లలోనే, ట్రెక్స్-13 పేరుతో రివర్బరేషన్‌ను రికార్డు చేస్తూ పక్కనే అడుగునూ అలల్నీ చేపల్నీ కొలిచారు. డైవర్ చేతిలోని కెమెరాకు నీ వ్యాసంలో చోటు లేదు. సోనార్‌కు ఇచ్చినన్ని అక్షరాలు దానికీ ఇవ్వు.

నీ రెండో బొమ్మ సంగతి. ఆ రికార్డింగ్ తీసిన వేళ ఎక్కడా లేదు. 1930లలో అమెరికా నౌకాదళం వాళ్ల సోనార్లు పొద్దున బాగా పనిచేసి మధ్యాహ్నానికి మందగించేవి. ఎండకు పైనీరు వేడెక్కితే ధ్వని చల్లటి కింది నీళ్లవైపు వంగిపోతుందని తర్వాత తెలిసింది. 20 మీటర్ల నీళ్లలో అలా వంగిందంటే ఇంకా ఎక్కువసార్లు ఇసుకకు తగులుతుందని అర్థం. బొమ్మ కింద వేళ, గాలి వేగం, ఏ లోతు దగ్గర నీరు చల్లబడిందో రాసి పంపు. ఆ వివరాలు దొరక్కపోతే బొమ్మ తీసెయ్, వ్యాసానికి లోటేం రాదు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న