అసాధారణాన్ని ఇంగ్లీషులో రాసేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన ఇంగ్లీషు కథ రెండుసార్లు చదివాను. మనుషుల్ని గమనించే గుణం నీలో ఉంది, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు. అందుకే మొహమాటం లేకుండా ఒక్క విషయం గురించే రాస్తున్నాను. మామూలుకు భిన్నంగా ఏది జరిగినా నీ కలం 'స్ట్రేంజ్లీ' దగ్గరికే పోతోంది. ఇల్లు స్ట్రేంజ్లీ క్వైట్, బాబాయి స్ట్రేంజ్లీ పొలైట్, చివరికి వాన కూడా స్ట్రేంజ్లీ హెవీ!

ఇది ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు తెలుసు. ఆలోచించేది మనం తెలుగులో. 'విచిత్రంగా' అన్న ఒక్క మాటతో మనకు ఆశ్చర్యం, అనుమానం, భయం, ముచ్చట అన్నీ గడిచిపోతాయి. మిగతాది గొంతూ సందర్భమూ చూసుకుంటాయి. ఇంగ్లీషులో అలా కాదు. అక్కడ ఈ మాటలు ఎవరి పని వాళ్లు పంచుకున్నాయి. వాటిలో ఏది వాడినా, ఎవరో ఒకరు దేనితోనో పోల్చి చూసి ఆ మాట అన్నారని అర్థం. చూసింది ఎవరు, పోల్చింది దేనితో అన్న రెండూ నీకు తేలితే తప్ప సరైన మాట దొరకదు.

'అన్యూజువల్లీ'లో ఏ భావమూ లేదు. మామూలుగా ఇలా ఉండదు అని చెప్పి ఊరుకుంటుంది. 'రిమార్కబ్లీ'లో మెచ్చుకోలు ధ్వనిస్తుంది. 'అబ్‌నార్మల్లీ' ల్యాబ్ రిపోర్టుల భాష. పొడుగాటి కుర్రాడికి తగిలించావంటే వాడికి ఏదో జబ్బు అంటగట్టినట్టే. 'ఇనార్డినేట్లీ' అన్నావంటే హద్దు దాటిందని ఫిర్యాదు చేస్తున్నావు. 'ఈరిలీ' ఎక్కువగా నిశ్శబ్దం పక్కనే కనిపిస్తుంది, ఒళ్లు జలదరించాలి అక్కడ. 'అన్‌క్యానిలీ'కి పోలిక కావాలి. పోయిన మేనత్త గొంతే కొత్త కోడలి నోట వినిపిస్తే, అప్పుడు వాడు. నాకు బాగా ఇష్టమైనది 'అన్‌సీజనబ్లీ'. దాని కడుపులోనే క్యాలెండర్ ఉంది. సంక్రాంతికి ఉక్కపోస్తే ఈ ఒక్క మాట చాలు, ఏది మామూలో విడిగా చెప్పక్కర్లేదు.

కొన్ని మాటలు కాలంతో పాటు మారిపోయాయి. 'వియర్డ్' అంటే పాత ఇంగ్లీషులో విధి. షేక్స్‌పియర్ 'మాక్బెత్'లో ముగ్గురు మంత్రగత్తెల్ని 'వియర్డ్ సిస్టర్స్' అనడంలో ఉన్నది ఆ అర్థమే. ఇవాళ అది కాలేజీ పిల్లల నోట్లో తిరిగే మాట. సంభాషణలో నిక్షేపంగా పెట్టుకో, డెబ్బై ఏళ్ల కథకుడి నోట మాత్రం పెట్టకు. 'ఎగ్రీజియస్లీ' ఇంకా ప్రమాదం. లాటిన్‌లో దాని మూలానికి మందలోంచి వేరుగా నిలిచినది అని అర్థం. ఒకప్పుడు పొగడ్త, ఇప్పుడు వట్టి తిట్టు. 'టెరిబ్లీ', 'ఆఫుల్లీ' తమలోని భయాన్ని ఎప్పుడో పోగొట్టుకుని 'చాలా' అన్న స్థాయికి దిగిపోయాయి. డిక్షనరీలో అర్థం చూడగానే ఆగిపోకు. ఆ మాట పక్కన ఇవాళ ఏ మాటలు కూర్చుంటున్నాయో కూడా చూడు.

మాట ఎక్కడ పెడుతున్నావన్నదీ ముఖ్యమే. 'హి లుక్డ్ ఎట్ మి క్యూరియస్లీ' అంటే కుతూహలం అతనిది. 'క్యూరియస్లీ, హి డిడ్ నాట్ ఆస్క్ మై నేమ్' అంటే అతనికి కుతూహలమే లేదు, వింతగా అనిపించింది చెప్పేవాళ్లకి. నీ మూడో పేజీలో ఈ రెండూ కలగలిసిపోయాయి.

'అన్‌క్యారెక్టరిస్టికల్లీ' అని ఇంకో మాట ఉంది. పొడుగాటిది, నోరు తిరగదు, అయినా కథ రాసేవాళ్లకి విలువైనది. ఒక మనిషి తన స్వభావానికి విరుద్ధంగా నడుచుకున్నాడని చెప్పాలంటే ఆ స్వభావం అంతకుముందే పాఠకుడికి తెలిసి ఉండాలి. నీ కథలో బాబాయి మర్యాదగా మాట్లాడటం వింత అన్నావు. కానీ అంతకుముందు ఆయన ఒక్కసారైనా ఎవరినీ కసురుకోలేదే! మొదటి పేజీలో పాలవాడి మీద ఒక్క కేక వేయించు. తర్వాత ఏ విశేషణమూ లేకుండా ఆయన చేత 'ప్లీజ్' అనిపించు. పాఠకుడు ఉలిక్కిపడతాడు.

నిజంగా అసాధారణమైనదాన్ని రాసేటప్పుడు వివరమే మోస్తుంది. 1883 ఆగస్టు 27న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పటి శబ్దాన్ని 'ఎక్స్‌ట్రార్డినరిలీ లౌడ్' అని రాస్తే చదివినవాళ్లు తలూపి ముందుకు పోతారు. అక్కడికి సుమారు 4,800 కిలోమీటర్ల దూరాన, హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ దీవిలో, పోలీసు అధికారి ఒకాయన ఆ చప్పుడు విన్నాడు. ఎక్కడో దూరంగా ఫిరంగులు పేలుతున్నాయనుకున్నాడు. ఆ శబ్దం అంత దూరం రావడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. ఇది చదివాక ఇక ఏ క్రియావిశేషణం కావాలి?

నీ కథలో నిశ్శబ్దంగా ఉన్న ఆ ఇంటికి వద్దాం. రాత్రి ఏడున్నర. రోజూ ఆ వేళకి మోగే సీరియల్ పాట లేదు. కుక్కర్ విజిల్ లేదు. నువ్వు చెప్పులు విప్పి లోపలికి వచ్చావు, నాయనమ్మ 'తిన్నావా' అని అడగలేదు. ఈ మూడూ వరసగా రాస్తే చాలు, 'స్ట్రేంజ్లీ' దానంతటదే రాలిపోతుంది. ఒకవేళ ఏదో ఒక మాట ఉండాల్సిందేనని నీకు అనిపిస్తే 'అన్యూజువల్లీ' పెట్టు. తక్కువ చెప్పే మాట గనక ఆ మూడు వివరాలకీ అడ్డం రాదు.

క్రియావిశేషణాలన్నీ కొట్టెయ్యమని చాలామంది చెబుతారు. నేను ఆ మాట అనను. నీ ఆఖరి పేజీలో బస్సు బోల్తా పడింది, తమ్ముడు 'మిరాక్యులస్లీ' బతికాడు అని కథకురాలు చెప్పింది. ఆమె చెబితే అది పేపర్లో ప్రమాద వార్త చదివినట్టుంది. అదే మాట నాయనమ్మ చేత అనిపించు. ఆవిడ వెంకన్నకి ముడుపు కట్టిన మనిషి, ఆవిడకి అది అక్షరాలా నిజం. కథకురాలు మాత్రం వాడు ఏ సీట్లో కూర్చున్నాడో, ఏ కిటికీలోంచి లాగారో, బయటికొచ్చాక మొదట ఏమడిగాడో చెప్పాలి. ఆ పేజీ తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

శుభాకాంక్షలతో,
మీ మాస్టారు